ఎంగిలి

రాసుకోండి సారూ.
పేరు దురాలీ. ఊరు ఎర్జురుమ్.
పని, ఈ కాఫీ కొట్టులో టీ మోయడం.
(పేరుకే కాఫీ. తాగేదంతా టీ.)
ఇరవై ఆరేళ్లు.
రోజుకు ఎన్ని సిగరెట్లు అన్న గడిలో
సున్నా వెయ్యండి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా అదే అడిగింది
నా రొమ్ము ఫోటో వెలుతురుకి ఎత్తిపట్టి.
సున్నా అన్నాను.
మొగుళ్లు పెళ్లాల ముందు చెప్పే సున్నా అనుకుని
నవ్వింది.
పక్కన నిలబడ్డ సెహెర్ నవ్వలేదు.
నా చొక్కాలు రాత్రిపూట
ఇంటి బయట తీగ మీద పడుకోబెట్టేది ఆవిడే.

ఇలా రండి, కుళాయి పక్కకి. నీళ్ల చప్పుడుండనివ్వండి.

మీరు పడమటి వైపువాళ్లు, మీకు కొత్త.
ఇక్కడ చక్కెర కలుపుకోం.
పలుకు పళ్ల మధ్య బిగించి
దాని మీంచి టీ లాగుతాం.
చూడండి, ఈ గ్లాసుకి నడుము సన్నం.
ప్రతిదీ మూడు నీళ్లలో కడుగుతాను,
ఒకడి పెదవి ఆనిన చోట
ఇంకొకడి పెదవి ఆనకూడదని.
దురాలీ ఎంగిలి తాగించాడన్న మాట
ఈ ఇరవై ఆరేళ్లలో
శత్రువు కూడా అనలేదు.

మరి నేను తాగిందేమిటి?
రైలింజను నడిపిన నియాజీ నోట్లోంచి వచ్చింది
నేను పీల్చాను.
గొర్రెల బేరగాడు దగ్గి వదిలింది పీల్చాను.
ఆరు నెలల చలికాలం తలుపులు బిగించి,
కిటికీ సందుల్లో పాత పేపర్లు కుక్కి,
నలభై మంది వాడి పారేసిన గాలి
ట్రే కింద పెట్టకుండా
పీల్చాను.
దానికి మీ చట్టంలో పొడుగాటి పేరేదో ఉందట.
నేనైతే ఎంగిలి అంటాను.

యజమాని హైరెట్టిన్ చెడ్డవాడు కాదు, అదీ రాసుకోండి.
కిటికీ దగ్గర పాడే పిట్టని పెంచుతాడు.
ఇది ఏడోది.
ప్రతిసారీ విత్తనాల కొట్టువాణ్ణి తిడతాడు,
ఏం గింజలమ్మావురా అని.

చట్టం ఎండాకాలంలో వచ్చింది.
ఎండాకాలంలో ఏ చట్టమైనా తేలికే.
బయట కుర్చీలేశాం, మీ కాగితం గోడకి అంటించాం,
హైరెట్టిన్ సున్నం కూడా వేయించాడు.
ఆ వారమే ఒక మధ్యాహ్నం
లోపల ఒంటరిగా నడుస్తుంటే ఏదో వాసన.
తడి కర్ర కాదు. నియాజీ సాక్సులు కాదు.
అటూ ఇటూ చూసి, ట్రే దించి,
వంగి చూశాను.
టీ.
యాభై దాటినవాణ్ణి,
పిల్లాడిలా మళ్లీ వంగి
ఇంకోసారి చూశాను.

తర్వాత మంచు పడింది.

మొదట ఒక్కడు, తలుపు దగ్గర, సగం లోపల సగం బయట.
తర్వాత, ముసలివాడు పాపం, ఈ ఒక్కరోజుకి.
బూడిద గిన్నెలు నిషేధం కదా,
టీ సాసర్లలో చుక్క నీళ్లు పోసి పెట్టమన్నారు.
పెట్టింది నేనే. ఈ చేతులే.
వీధి మలుపులో మీ కారు కనబడితే
బూట్లు తుడిచే కుర్రాడు ఈల వేస్తాడు,
నేను సాసర్లు తొట్టిలోకి దింపుతాను,
మీరొచ్చేసరికి అందరూ ఆట బిళ్లల మీద
నమాజులో ఉన్నంత శ్రద్ధగా ఉంటారు.

ఇవాళ ఈల వేయలేదు.
కుర్రాడికి నేనే రొట్టె డబ్బులిచ్చి
అవతలి వీధికి పంపాను.
మీకు వచ్చిన ఫోను సంగతి...
అది ఏ గడిలోనూ రాయకండి.

జరిమానా కట్టాక హైరెట్టిన్ నా మొహం చూస్తాడు.
నియాజీ చూడడు.
ఆయన బిడ్డ పెళ్లిలో నీళ్లు మోసినవాణ్ణి,
మా నాన్న శవాన్ని ఆయన మోశాడు.
రేపు ఆరింటికి షట్టరెత్తేది మళ్లీ నేనే.
ముందు ఆయనకే పోయాలి,
పలుకు రెండు, చిక్కగా.

సంతకం ఎక్కడ?
ఆగండి, చెయ్యి తడిగా ఉంది.
ఈలోగా టీ తాగండి.
మూడు నీళ్లలో కడిగిన గ్లాసే.