తోడేలు

జహ్రాలో ఆ పొద్దు తూజు లేసింది.
ఆకాశం పల్చటి రాగి సంగటి మాదిరి
కిటికీ అద్దాలకు అతుక్కుంది.
నర్సరీ బడి మూసేసినారు. మామా బ్యాంకుకు పోయింది.
బాబా ఎప్పుడు ఇంట్లో ఉన్నాడు గనక.
ఇంత పెద్ద ఇంట్లో నేనూ, ఫహదూ,
గోడంత టీవీలో ఒక అడవీ.

బొమ్మల సినిమా.
అడవిలో దొరికిన మనిషిబిడ్డను మెకాలు సాకుతాయి.
కొండముచ్చు కొమ్మ పట్టడం నేర్పిస్తాది,
ముళ్ళపంది దాక్కోవడం నేర్పిస్తాది.
అన్నీ అరబ్బీలోనే మాట్లాడతాయి.
జీబ్, రూహ్, యల్లా అనే
నా వంటింటి అరబ్బీ కాదది,
మసీదు మైకులో వినపడే పెద్ద అరబ్బీ.
అందుకని వాడే నాకు విడమరిచి చెప్తాండాడు,
ఐదేండ్ల కువైటు పిలగాడు,
మా రాయచోటి యాసలో:
"ఓబీ, ఆ కోతి అబద్దాలు చెప్తాంది, నమ్మాక."

నేను నేర్పలా.
అన్నం కలుపుతా, ముడ్డి కడుగుతా,
జరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మారుస్తా
నాలో నేను గొణుక్కున్న మాటలే అవి.
కోడిపిల్ల నూకలేరుకున్నట్టు ఏరుకున్నాడు.

"ధీబ్‌ను నీ మాటలో ఏమంటారు?"
తోడేలు, అన్నా.
"ఎందుకట్ల?"

మా పక్క తోడేలంటే
మందలో పిల్లను మెడ కరుచుకొని ఎత్తకపోయేది.
మా నాయన ఒక్క రాత్రిలో మూడు గొర్రెల్ని పోగొట్టుకొని
తెల్లారి కంబళి కప్పుకొని
పొద్దెక్కినా మాట్లాడలా.
అదే చెప్దామని నోరు తెరిచినా.
తెర మీద ఆ ముసలి తోడేలు
బిడ్డ చెవి వెనకాల నాకతాంది.

"తోడుండి ఏలుకుంటాది గనక తోడేలు" అన్నా.
నిజమో అబద్దమో, నాకూ అప్పుడే తెలిసింది.

వాడు నన్ను కింది నుంచి మీదికి చూసినాడు.
"అట్లయితే నువ్వు..." అన్నాడు.
ఇంకేం అనలా. చిప్సు తినబట్టినాడు.

నీ పేరే చిరుత గదరా నాయనా,
ఫహద్ అంటే అదేనని
బకాలా కాడ కుట్టి చెప్పినాడు.
చిరుతను తోడేలు సాకడం
ఏ అడవిలోనన్నా ఉందా?

నాకూ ఒక పిల్ల ఉంది, చిట్వేలి హాస్టల్లో.
వార్డెను అదిలింపుల మధ్య ఎదుగుతాంది.
అది వేరే అడవి. ఆ సినిమా నేను చూడలేదు.

ఆఖర్న ఊరి పొగ కనపడింది.
పిల్లోడు ఏరు దాటినాడు.
అవతల చొక్కా ఉంది, పలక ఉంది,
దీపం పట్టుకొని ఎదురొచ్చే మనుషులుండారు.
పాట మొదలై, గీసినోళ్ళ పేర్లు పైకెక్కినాయి.
ఎన్ని వందల పేర్లో!
ఏటికి ఇవతల
ఆ రాత్రి తోడేలు యాడ పండుకుందో, ఏం తినిందో
అందులో ఒక్కరూ గీయలా.

సెప్టెంబరుకు వీడికి ఇంగ్లీషు బడి.
నా అఖామా కూడా ఆ నెలకే తీరిపోతాది.
ఈ హిందీ మాటలు వాని నోట్లోంచి పోవాలని
మామా నాతో అనలేదు.
ఫోనులో ఎవరితోనో అంటాంటే విన్నా.
మా మాటకు ఆమె పెట్టుకున్న పేరు హిందీ.

గిన్నెలు కడిగొచ్చేసరికి
సోఫా వెనక గోడ మీద ఎర్ర క్రేయానుతో
నాలుగు కాళ్ళు, ఒక తోక,
మెడలో నా నల్లపూసలు,
ఒక కాలికి మాత్రం నా ప్లాస్టిక్ చెప్పు.
కోరలు మర్చిపోలా.
"నవ్వుతాంది" అన్నాడు.

మూడున్నరకు మామా వస్తాది.
క్లోరాక్సూ స్పాంజీ తెచ్చినా.
ఏడుస్తాడనుకుంటే
తనూ ఒక గుడ్డ తడుపుకొని
నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.
తోక పోయింది, కాళ్ళు పోయినాయి.
కోరలు మాత్రం
రుద్ది రుద్ది రెక్కలు నొప్పెట్టినాయి.

సోఫా మళ్ళా గోడకు నెట్టేటప్పుడు
ఒక చెవి వదిలేసినా.
వాడు చూసినాడు.
ఎవురికీ చెప్పలా.