ఎడమ మూల

లెటరొచ్చిన దినం ఈదమ్మే మిఠాయి పంచింది.
గడియారం చౌరస్తా కాడ కొన్న కిలో మైసూర్‌పాకు.
డబ్బా అడుగున నెయ్యి దిగి
కానిస్టేబుల్ సెలక్షన్ కాయితం మీద గుండ్రటి మచ్చ.
అందరం చప్పట్లు కొట్టినం.
బాలస్వామి సారు ఒక్కడే
ముక్క చేతుల వట్టుకొని
తినకుండ చానసేపు రింగు దిక్కు చూసిండు.

ఆరుగురం ఉంటిమి.
ఇప్పుడు ఐదుగురం.
బెంచి మీద నీళ్ల సీసాలు,
తబస్సుం బురఖా మడిచి పెట్టుకున్న సంచి.
కూసునే జాగ మస్తున్నది,
లేచొచ్చే మనిషే లేదు.

రిజిస్టరుల ఆమె పేరు కావలి ఈదమ్మ.
ఫస్టియర్‌ల హాజరు పిలుస్తుంటే నవ్విన పోరగాండ్లే
సెమీస్‌ల ఆమె ఇరవై రెండు పాయింట్లు కొట్టినంక
అదే పేరును గోడెక్కి ఒర్రిండ్రు.
మాది ఉరికే ఆట,
ఆమెది ఆగే ఆట.
బాలు అందంగనే ఒక్క గడియ కదలకపోయేది,
బాయిల చేద మునిగిందో లేదో
తాడు వట్టుకొని తెలుసుకునేటట్టు.

ప్లేలకు పేర్లు ఆమె పెట్టినవే.
గటుక అంటే నేను కుడికి, ఆమె ఎడమ మూలకు.
తునకలు అంటే లింగేశ్వరి అడ్డం నిలవాలె.
చల్లచారు అంటే ఏం లేదు, ఊకెనే,
అవతలోళ్లు నవ్వి కాళ్లు తడబడాలని.
ఇప్పుడా మాటలు నా నోట్ల ఉన్నయి.
నేను గటుక అంటే
ఉత్త గటుక తీరుగనే వినిపిస్తది.

మొన్న వనపర్తి పోయినం, మ్యాచుకు.
దేవరకద్ర దాటంగ
ఆరు జీరో టికెట్లన్న, అలవాటుకు.
కండక్టరమ్మ తలలు లెక్కవెట్టింది. ఐదే.
పైసలు లేని టికెట్టు గూడ
లేని మనిషికి కొట్టరు.

రెండో క్వార్టర్‌ల నేను చూడకుండ ఇసిరిన.
మూడేండ్ల సంది చూడకుండ ఇసిరిన చేతులాయె.
ఎడమ మూలకే పోయింది బాలు,
నేరుగ, ఆమె చేతులుండే ఎత్తుకే,
గీత దాటి
చెరుకురసం బండి చక్రానికి తాకి నిలవడ్డది.
అందరు నన్ను చూసిండ్రు.
నేను మూలను చూసిన.
సిమెంటుల పర్రె,
పర్రెల ఇంత గరిక.

మూడో క్వార్టర్‌ల అనితకు ఐదో ఫౌలు.
నలుగురమైనం.
నలుగురితోని బాస్కెట్‌బాల్ ఆడుడంటే
వానకు కురిసే ఇంట్ల గిన్నెలు జరుపుడే.
ఈ బొట్టు కింద పెడితే
ఆ బొట్టు పక్కల పడ్తది.

లింగేశ్వరిది అచ్చంపేట అవతల, అడవిల పెంట.
బాలు దొరికితే కాలిన సట్టి లెక్క
ఇంకొకల చేతుల పెట్టే పిల్ల.
ఆఖరి నిమిషంల ఇటు చూసింది, అటు చూసింది,
ఇచ్చెటందుకు ఎవలు లేరు.
కొట్టింది.
పడ్డది.
అప్పటికే ఇరవై ఆరు పాయింట్లు ఎనుక ఉన్నం.
అయినా సారు లేచిన ఊపుకు
కుర్చీ ఎల్లెలుకల పడ్డది.

రాత్రి హాస్టల్ల ఉన్నప్పుడు ఈదమ్మ ఫోను.
ట్రైనింగుల పది నిమిషాలే మాట్లాడనిస్తరంట.
నాలుగింటికే లేపి ఉరికిస్తున్నరంట.
వరుసల ఆమెదే పొడుగు,
ఎక్కడ నిలవెట్టినా లైను వంకరయితదని
తిట్టేది ఆమెనే అంట.
స్కోరెంత అన్నది. చెప్పలే.
మైసూర్‌పాకు బాగుండెనా అన్నది. బాగుండె అన్న.
జర సేపు ఎవలం మాట్లాడలే.
మరి నా జాగల ఎవలు, అన్నది.

నా నోట్ల మాట ఇంక కూడకముందే
లింగేశ్వరి ఫోను గుంజుకున్నది.
చల్లచారు, అన్నది.

పది నిమిషాలల్ల
ఎంత మిగిలెనో అంత సేపు
అటు ఇటు నవ్వుడే.