చేతికి చిప్పు

రిచీ స్ట్రీట్‌లో రిమోట్‌లు కిలో లెక్కన అమ్మే కొట్టు మీద
మా మేడ గది. కార్తీకం వాన.
కింద మోకాటి లోతు నీళ్లలో ఎవడో
పెళ్లికూతురి బుట్టలా ఓ మానిటర్‌ని
తలమీద మోసుకుపోతున్నాడు.

బల్ల మీద పాత పేపరు, పేపరు మీద రెండు బోర్డులు,
ఒక్కోదాని నడుమ గోరంత నల్లచదరం.
చేతిలో పట్టే ఆటపెట్టెకి, మేం కట్టబోయే దానికి,
ఈ రెండింట్లో ఒకటి ఇవాళ ఖాయం కావాలి.
పెట్టుబడి, హంసవేణి అక్క చీటీ పాడిన డబ్బు.
"చిప్పు చిప్పు అని తిరగండి,
ఆఖరికి చేతికొచ్చేది చిప్పే" అందావిడ.
నవ్వుతూనే అంది.
నోట్లు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టించింది.

మొదటిది ఎనిమిది కోర్లది.
మేనమామ సంబంధం తెచ్చినట్టు యతిరాజు తెచ్చాడు.
దాని మీద ఆట పెడితే
కొండలు కొండల్లా ఉంటాయి, నీళ్లు నీళ్లలా,
గడ్డిపోచకి కూడా దాని నీడ దానికి.
"చూడు, చూడు" అంటాడు, తానే చెక్కినట్టు.
కాగితాలడిగితే మాత్రం కంపెనీది ఒకటే జవాబు:
పదివేల ముక్కలు కొనండి,
ఎవరికీ చెప్పమని సంతకం పెట్టండి,
అప్పుడు చూద్దాం.
బొమ్మలు గీసే భాగానికి వాళ్లిచ్చింది
తాళం వేసిన మూట.
ఆరేళ్ల కిందటి కెర్నెల్ మీద తప్ప
ఎక్కడా కుదురుకోదు.

రెండోది నాలుగు కోర్లది. ముసలిది.
టీవీ పెట్టెల్లో చాకిరీ చేసి రిటైరైంది.
కానీ దాని పుట్టుపూర్వోత్తరాలు పంతొమ్మిది వందల పేజీలు
అడిగినవాడికల్లా దొరుకుతాయి.
హంసవేణి వాటిని ప్రింటు తీయించి
గోనెదారంతో కుట్టుకుంది.
ఏ రిజిస్టర్‌లో ఏ బిట్ లేస్తే ఏ దీపం వెలుగుతుందో
పంచాంగంలా వేలు పెట్టి చదువుతుంది.
ఒకచోట మార్జిన్‌లో పెన్సిల్‌తో:
"అబద్ధం. సున్నా కాదు, ఒకటి."

పొద్దుగూకే దాకా వాదన.
వేగం అన్నాడు. బ్యాటరీ అన్నాను.
జనం చూసేది తెరనే,
పేగులు ఎవడు చూస్తాడన్నాడు.
నిజమే. ఆ గడ్డి నీడలకి నేనూ పడ్డవాణ్ణే.
పదకొండో నిమిషంలో ఎడమ అరచెయ్యి చురుక్కుమంటే
ఆ వేడి నాదేనేమో అనుకున్నాను.

ఏడు దాటాక, అరగంట తేడాలో,
రెండూ పడిపోయాయి.
మొదటిది నల్లబడింది. అంతే.
మీట నొక్కాం, వైరు పీకి గుచ్చాం,
తీర్థం చల్లడమొక్కటే తక్కువ.
ఏమైందని అడగడానికి లోపల ఎవరూ లేరు.

రెండోది పడుతూ పడుతూ
పక్కనున్న ల్యాప్‌టాప్‌లో నలభై వరసలు రాసిపోయింది,
మరణ వాంగ్మూలంలా:
ఫలానా ఫైల్, ఫలానా వరస,
ఏమీ లేని చోట ఏదో ఉందనుకుని చదవబోయాను.

ఆ వరస రాసింది నేనే.
పోయిన మంగళవారం, నిద్రమత్తులో.
తప్పు నాదని తేలినందుకు
అంత తేలిగ్గా ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

గ్లాసులు ఏరుకుపోవడానికొచ్చిన ఢిల్లీబాబు
రెండు బోర్డులకేసీ చూసి
"అది ఊమై అన్నా, ఇది పలుకుతుంది" అన్నాడు.
మా వీధి తెలుగు అట్లాగే ఉంటుంది,
సగం ఆ పక్కది.

యతిరాజు గొడుగు తీసుకున్నాడు.
మెట్ల మీద ఆగి,
"జలపాతం దగ్గర ఇరవై రెండు ఫ్రేములే వస్తాయి,
తర్వాత నన్ననకు" అన్నాడు.
అంతే వస్తాయి. ఇప్పటికీ.
ఎంత గోకినా ఇరవై నాలుగు దాటలేదు.
పోయినవాడు మళ్లీ మేడెక్కలేదు,
టంకం కడ్డీ ఒకటి మాత్రం ఇక్కడే వదిలేశాడు.

యాభై ముక్కలు తెప్పించాం.
మొదటి పెట్టె, రంగు కూడా వెయ్యనిది,
పెరంబూర్ లోకల్‌లో నా ఒళ్లో ఉంది.
ఎదుటి సీటు పిల్ల స్కూలు సంచీ పక్కన పెట్టి
జలపాతం దాకా ఆడింది. నీళ్లు తడబడ్డాయి.
తెర వైపు కాదు, తిప్పి వెనక్కి చూసింది.
లోపలేముంది అని అడిగింది.

వెనక స్క్రూ ఒకటే.
రూపాయి బిళ్లతో తిరుగుతుంది.
జేబులో వెతికి, బిళ్ల ఇచ్చాను.