ఖాళీ కుర్చీ

షెలెఫ్తియో ఆస్పత్రిలో పిల్లల వార్డు చివర నా గది.
ఒకే కిటికీ. పొద్దున ఎనిమిదైనా
దాన్లో ఇంకా రాత్రే ఉంటుంది.
పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చుంటాను.
భయానికి బొమ్మలు గీయడం నా ఉద్యోగం.
కాదు, అంత పెద్ద మాట వద్దు.
కోటు విప్పడం, కుర్చీ, చెయ్యి మొద్దుబారడానికి పట్టీ,
సూది, దూది, ఇంటికెళ్లే బస్సు.
ఆరు అట్టముక్కలు, వెనక వెల్క్రో.
అంతే.

మొదట్లో నేనూ అబద్ధమాడేదాన్ని.
"దోమ కుట్టినట్టే కన్నా" అనేదాన్ని.
ఈ ఉత్తరాది పిల్లలకా దోమల సంగతి చెప్పడం!
ఎండాకాలమంతా మోచేతుల దాకా దద్దుర్లతో తిరిగేవాళ్లకు?
ఒక పిల్ల సూదినీ నన్నూ మార్చి మార్చి చూసి
"దీనికి రెక్కలేవి?" అంది.
ఆరోజు నుంచి సూదిని సూదిలాగే గీస్తున్నాను,
సన్నగా, నవ్వు మొహం తగిలించకుండా.

ఇవాళ ఇవార్ వచ్చాడు. ఆరేళ్లు.
మాటలు రావు.
పోయినసారి నలుగురు కలిసి పట్టుకున్నారు వాణ్ణి.
నలుగురిలో ఒకడు వాళ్ల నాన్న.
వాడది మర్చిపోలేదు.
నాన్న అసలే మర్చిపోలేదు.

గుమ్మం దగ్గరే ఆగిపోయాడు,
టోపీ మీద మంచు కరిగి చెవుల్లోకి కారుతున్నా.
నేను పిలవలేదు. నేల మీద చతికిలబడి
బొమ్మలు వరసగా పరిచాను.
నర్సు గున్వీ గడియారం చూడలేదు.
చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

వచ్చాడు. వస్తూనే సూది బొమ్మ పీకి
బూటులో దాచేశాడు.
సరే అన్నాను.
పన్నూడిన చోటులా
ఆ ఖాళీని అలాగే ఉంచాను.

తర్వాత కుర్చీ బొమ్మ దగ్గర ఆగాడు.
చాలాసేపు.
నా చేతిలో పెన్సిల్ లాక్కుని
కుర్చీలో రెండు పొడుగాటి కాళ్లు గీశాడు.
ఒక బూటుకి లేసు ఊడిపోయి ఉంది.
స్టూరె తల వంచి తన కాళ్లు చూసుకున్నాడు.
ఎడమ బూటు లేసు ఊడే ఉంది.

పదకొండేళ్లుగా గీస్తున్నాను ఆ కుర్చీని.
చెక్క రంగు సరిగ్గా కుదరలేదని
మూడుసార్లు మార్చి గీశాను కూడా.
ఎప్పుడూ ఖాళీగానే గీశాను.

స్టూరె కూర్చున్నాడు. ఒళ్లో ఇవార్.
ఈసారి పట్టుకోవడం కాదు, ఆనించుకోవడం.
వాడు బూటులో చెయ్యి దూర్చి
నలిగిపోయిన సూది బొమ్మ బయటికి తీసి
బస్సెక్కేటప్పుడు టికెట్ ఇచ్చినట్టు
గున్వీ చేతిలో పెట్టాడు.

ఏడ్చాడా అంటే ఏడ్చాడు.
నొప్పి నొప్పే, బొమ్మ మందు కాదు.
ఏడుస్తూనే తర్వాతి బొమ్మ వేలితో చూపించాడు,
నాకు కాదు, నాన్నకి.
దూది. అదయ్యాక బస్సు.
అంత పెద్ద మనిషి ముక్కు చీదుకుంటుంటే
ఆ పనికి మా దగ్గర బొమ్మ లేదు.

మధ్యాహ్నం రెండింటికే చీకటి పడింది.
కొత్త అట్ట తీశాను. కుర్చీ గీశాను. కాళ్లు గీశాను.
లేసు దగ్గర పెన్సిల్ ఆగింది.
ముడి వేయనా, వదిలేయనా?

వదిలేశాను.