కటింగు

గుజ్జు ఫ్యాక్టరీ వద్దని
ఆరేళ్ల కింద బంగారుపాళ్యం రోడ్డు మీద
తోతాపురి కాయలు పారబోసి కూర్చున్నోడు దొరవేలు.
ఈపొద్దు మామిడి రైతుల సంఘం అధ్యక్షపదవికి నిలబడి
ఫ్యాక్టరీ రావాల్సిందే అంటా ఉండాడు.

నా దగ్గర కటింగుంది.
పసుపెక్కిన కాగితం, మడత కాడ పిగులుతా ఉంది.

గ్రీమ్స్‌పేట టీకొట్టు ముందర
నాలుగు మైకులు ఆయన గడ్డం కిందికి పెట్టి
అడిగినాం:
"అప్పుడు వద్దంటివే?"

టీ మీద మీగడ కట్టేదాకా పలకలేదు.
"అప్పుడు కిలో పన్నెండు నాయనా.
పోయినేడు నాలుగు. కోతకూలి కూడా రాలే.
చెరువులోకి పులిసిన నీళ్లొస్తాయి, తెలుసు.
మాట మార్చినా గానీ
ఆ కంపు మర్చిపోలే."

రాత్రి డెస్కులో
ఆ చివరి రెండు ముక్కలు ఎగిరిపోయినాయి.
చోటు చాల్లేదంట.
ఊసరవెల్లి బొమ్మకు మాత్రం చాలింది,
దాని కింద
గుజ్జు కంపెనీ వారి శుభాకాంక్షలకూ.

కటింగు మళ్లా ఫైల్లో పెడతా
వెనక్కి తిప్పి చూసినా.
మా సంపాదకీయం, కత్తెరకు సగం తెగింది:
"ప్రాణం పోయినా ఈ ఫ్యాక్టరీని..."

మిగతా సగం
ఎవురి ఫైల్లో ఉందో.