నీళ్ల కింద నేల

మిందిలో రాత్రంతా వాన.
యార్డు ఎర్రమట్టి టీ రంగు నీళ్లు కప్పుకుంది.
బండి తాళం అడిగితే సన్నిబాబు
ఇనప ఊచ ఇచ్చాడు:
"ముందు నడిసి రా.
గొయ్యి నీ కాలికి తెలవాల, సక్రానికి కాదు."

పొడిచాను. జానెడు. మూరెడు.
ఒకచోట ఊచ సగం దిగిపోయింది.
నిన్న అక్కడే మలుపు తిప్పాను.

"బరువు జానెడెత్తు దాటనీకు.
వాలు దిగినపుడు యెనక్కే దిగు.
ఒరిగిందా, గెంతకు.
స్టీరింగు కావలించుకో,
పడే వైపు కాదు, రెండోపక్కకి వాలు."

అతని ఎడమ బూటు మడమ
కుడిదానికన్నా ఎత్తు.
ఎప్పుడు గెంతాడో అడగలేదు.

బెల్టు బిగించాను.
గంగవరం వైపునుంచి ఉప్పుగాలి.
ఫోర్కులు నేల వాసన చూస్తూ కదిలాయి.

ఆ గోతిలో ఊచ నిలబడే ఉంది,
కొసకి అతని తువ్వాలు కట్టుకుని.