రెండు జట్లకూ నేనే టైలరు

రేణిగుంట లోకోషెడ్డు జట్టుకు నీలం,
చిత్తూరు బెల్లం మండీ జట్టుకు పసుపు.
రెండు గుడ్డలూ నా మిషను కిందనే పోతాయి.
పసుపు కుట్టేటప్పుడు దారం లూజు పెడతానని
మా ఏకాంబరం కాలనీ అంతా చెప్పినాడు.
అబద్ధం.
ఒక్కసారే పెట్టినా.

ఈ పగ ఎందుకో ఎవురికీ సరిగ్గా తెలీదు.
మా నాయన కాలంలో ఒక గోలు కాడ మొదలైందంటారు.
గోలు కాడ కాదు, ఆ తర్వాత తాగిన
కలరు సోడాల బాకీ కాడ అంటారు ఇంకొందరు.
కారణం ఎప్పుడో పోయింది, పగ మిగిలింది,
బొత్తాం ఊడిపోయినాక కాజా మాదిరి.

కొత్త కోచ్ సెల్వకుమార్
ఫోనులో చూసి పలక మీద బాణాలు గీస్తాడు.
వెనక అయిదుగురంట, నడాన నలుగురంట,
ముందర ఒకే ఒక్కడు, మా గురవరాజు,
జాతరలో తప్పిపోయిన పిలకాయ మాదిరి
ఆ కొసన నిలబడి
ఎవురన్నా వస్తారేమోనని చూస్తా ఉంటాడు.
సామీ, గుడ్డ ఎంతుందో చూసి గదా చొక్కా కత్తిరించాల!
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పిలకాయల్ని
తొంభై నిమిషాలు ఉరికించే ఆ ప్లాను
ఏ దేశం కొలతో నాకు తెలీదు.
మాకైతే చంకల్లో పట్టేస్తుంది.

లైన్స్‌మన్ గురించి ఏం చెప్పేది.
ఆయన గీతకూ నా చాకుపీసు గీతకూ ఒకటే తేడా:
నాది తప్పయితే
నేనే విప్పి, నేనే మళ్ళా కుడతా.

గురవరాజు మావాడే. వాని పదో నంబరు కుట్టింది నేనే.
అయినా చెప్తా.
వాడు పడేది తగిలి కాదు, రైలు గాలికి కూడా పడతాడు.
పడి, ఒక కన్ను మూసుకోని
రెండో కంటితో రెఫరీని చూస్తాడు.
ఆ నిక్కర్లు నా కాడికే వస్తాయి గదా,
మట్టి ఉన్నంత చినుగుండదు.

మండీ జట్టు స్టాపర్ దస్తగిరి.
పగలంతా బెల్లం బస్తాలు మోసే భుజం, గోడ అనుకో.
ఆ గోడను నేను తిట్టని తిట్టు లేదు.
మొన్న ఫైనల్లో మా చిన్నోడు కన్నియప్ప
పోయి పోయి ఆ గోడకే కొట్టుకున్నాడు.
చెయ్యి విరిగిన సప్పుడు
గట్టు మీద కూర్చున్న నాకు గూడా వినబడింది.
దస్తగిరి బంతిని వదిలేసి మోకాళ్ళ మీద కూలబడి
చిన్నోడి తల పట్టుకున్నాడు.
వదిలేసిన బంతి గురవరాజు కాళ్ళ కాడికి వచ్చింది.

గోలు.

రూలు ప్రకారం గోలే, ఈల ఊదలేదు గదా.
జనమంతా ఎగిరినారు. నేనూ ఎగిరినా.
ఎగిరి కిందికి దిగేలోపల
ఏదో పట్టేసినట్టయింది,
చంకలో కాదు, ఇంకాస్త లోపల.

మేము కప్పు పట్టుకోని బ్యాండు వెనక పోతా ఉంటే
దస్తగిరి మండీ లారీలో చిన్నోణ్ణి ఎక్కించుకోని
పుత్తూరు కట్టు కట్టించను పోయినాడంట.
ఆట గుడ్డలతోనే. కాళ్ళకు బూట్లు గూడా విప్పలేదంట.

వారానికి ఒక పసుపు జెర్సీ వచ్చింది నా కాడికి.
ఎడమ చెయ్యి లేదు, భుజం కాడికి చించేసి ఉంది.
పుత్తూరు చేరేదాకా ఆ ముక్కతోనే
చెయ్యి మెడకు వేలాడగట్టినాడంట.
ఆ ముక్క ఇంకా కన్నియప్ప ఇంట్లో దండెం మీద ఉండాది,
వాళ్ళమ్మ ఉతికి ఆరేసింది.

ఏకాంబరం బయట బీడీ తాగతా ఉండాడని
తలుపు దగ్గరగా వేసినా.
కొత్త చెయ్యి అతికి
రెండు వరసల కుట్టు వేసినా, దారం బిగించి.
ముప్పై రూపాయలు అడిగినా.
దస్తగిరి ఇరవై ఇచ్చి, చిల్లర లేదన్నాడు.

పది రూపాయలు బాకీ.
పగ అంటే పగే.
వచ్చే ఏడు గూడా మేమే గెలవాల,
ఆ అయిదుగురిలో ఇద్దర్ని ముందరికి పంపితే.